అడగని దేవుడు

తిరుపతి,
9 జులై 1995

పెద్దమ్మకు శుభాకర్ వందనాలు.

హాస్టల్లో ఈసారి కిటికీ ఉన్న గది దొరికింది. తెరిస్తే వంటగది పొగ, మూస్తే ఉక్క. అయినా పోయినేడాది గది కంటే నయం.

ఎమ్మే రెండో సంవత్సరం మొదలైంది. ఆంత్రొపాలజీ అంటే ఏం చదువని నువ్వు అడిగినప్పుడల్లా నీళ్ళు నమిలేవాణ్ణి. ఇప్పుడు చెప్పగలను. ‘ఆదివాసుల ప్రపంచ దృష్టి, సంస్కృతి, సమాజ ఆచారాలు’ అని ఒక పేపరు పెట్టారు. ఒక తెగ మనుషులు లోకాన్ని ఎట్లా చూస్తారు, దేవుణ్ణి ఎక్కడ పెట్టుకుంటారు, తప్పు చేసినవాణ్ణి ఏం చేస్తారు, ఇవన్నీ వాళ్ళతో ఐదు వారాలు ఉండి తెలుసుకుని ప్రాజెక్టు రాయాలి. తోటివాళ్ళంతా అరకు, పాడేరు అంటున్నారు. నేనూ అదే అంటే మా సార్ కళ్ళజోడు పైనుంచి చూసి, “మీ కడప జిల్లా ఖాళీగా ఉందా?” అన్నారు.

నాకు మీ ఊరి ఏటిగడ్డ మీది యానాది గుడిసెలు గుర్తొచ్చాయి. ప్రొద్దుటూరులో పదో తరగతి చదివేటప్పుడు సెలవులకు నీ దగ్గరికొచ్చి, టీకాల డబ్బా మోసుకుంటూ నీ వెంట అక్కడికి వచ్చేవాణ్ణి కదా. పెద్దాయన ఓబులేసు నన్ను చూడగానే, “ఈ అబ్బయ్యకు గూడా ఒక సూది పొడుచు సిస్టరమ్మా” అనేవాడు. ఆ ఊరి నర్సుగా నువ్వు చెబితే వాళ్ళు కాదనరు. ఆగస్టులో రావచ్చా? పులివెందులకు అమ్మకు కూడా రాశాను. నువ్వు సరే అంటే తనకూ సరేనట.

నీ శుభాకర్


గుట్టకిందపల్లె,
20 జులై 1995

నాయనా శుభా,

దేవుని దయవల్ల బాగున్నాను. కరెంటు ఉండటం లేదు. టీకాల డబ్బాకు ఐసు కోసం జమ్మలమడుగు దాకా పోయి రావడంతోనే నా జీవితం తెల్లారుతోంది. పెరట్లో వంకాయలు మాత్రం బాగా కాస్తున్నాయి. తినేవాళ్ళు లేరు.

ముందు ఊరి సంగతి విను. జూన్‌లో పంచాయతీ ఎన్నికల రోజు బాంబులు వేసుకున్నారు. ఒక మనిషి పోయాడు. గౌరీ అని మన సెంటర్లోనే కాన్పు చేసుకున్న పిల్ల, ఆమె భర్త. గెలిచింది అధికార పార్టీ వర్గం, పోయినవాడు వాళ్ళ మనిషి. ఓడిన వర్గంలో సగం మంది ఊళ్ళో లేరు. పై వీధివాళ్ళు కింది వీధిలోకి రారు, కిందివాళ్ళు పైకి పోరు. రెండు వీధుల్లోనూ తిరిగేది నేనూ, కుక్కలూ.

ఓబులేసును అడిగాను.

“ఐదు వారాలా? మా కాడ ఉండి ఏం జేస్తాడు సిస్టరమ్మా?”

“మీ గురించి చదువుకుంటాడు.”

“మా గురించా!” అని భార్య లక్ష్మమ్మను కేకేశాడు. “ఇంటివా? మన గురించి సదివితే తిరపతిలో ఉజ్జోగమిస్తారంట. ఇన్నేండ్లు మనమే మనం, మనకొక్కరూ ఇయ్యల్యా!”

ఇద్దరూ చాలాసేపు నవ్వి, రమ్మన్నారు.

ఒక్క మాట. అక్కడ దేవుడి గుడిసె అని ఒకటుంది. అందులో ఎవరైనా ఉంటే చూడనట్టు ఉండు. ఎవరని అడగకు. ఈ ఊరికొచ్చి ఇన్నేళ్ళయింది, నేను అడగలేదు. దుప్పటి తెచ్చుకో, ఏటి గాలి మంచిది కాదు.

సుశీలమ్మ


తిరుపతి,
8 అక్టోబర్ 1995

పెద్దమ్మా,

వచ్చి మూడు వారాలైనా ఇంకా కళ్ళు మూసుకుంటే పెన్న చప్పుడే. వాళ్ళతో ఉన్న ఐదు వారాల్లో నేను నేర్చుకున్నది రెండేళ్ళ పుస్తకాల్లో లేదు. పెన్న వాళ్ళకు ఆడబిడ్డ, తెలుసా? ఎండాకాలం అత్తింటికి పోతుందట. ఏట్లో నీళ్ళొచ్చిన మొదటి రోజు చేప పట్టరు. “ఆడబిడ్డ ఇంటికొచ్చి కాళ్ళన్నా కడుక్కోకముందే మూటలో చెయ్యి పెడతామా?” అంటుంది లక్ష్మమ్మ.

అన్నిటికంటే ఆ దేవుడి గుడిసె. ఆ దేవుడికి పేరు లేదు, బొమ్మ లేదు. తాటాకు కప్పు, తలుపు లేని వాకిలి. ఎవరైనా తరుముతుంటే పరుగెత్తి వచ్చి అందులో దూరినవాడు ఆ దేవుడి మనిషి. తనంతట తాను పోయేదాకా కూడు పెడతారు. ఎవరు, ఏం చేసి వచ్చావు అని అడగరు. ఎందుకని ఓబులేసును అడిగాను.

“దేవుడే అడగల్యా. మనమెవురప్పా అడిగేదానికి?”

మిగతా యానాదుల్లో ఇది ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు. ఈ పది గుడిసెలవాళ్ళదే అనుకుంటాను. మా సార్ వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వ్యాసంగా రాయమని, తనకు తెలిసిన పత్రికకు పంపించారు. మొన్న ఆదివారం మన జిల్లా పేజీలో వచ్చింది. కత్తిరించి ఇందులో పెట్టాను. నా పేరు ఎంత పెద్దక్షరాల్లో వేశారో చూడు! అమ్మ పులివెందుల బడిలో అందరికీ చూపిస్తోందట.

ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చాను, భయపడకు. నేనున్నప్పుడు ఆ గుడిసెలో ఉన్నాయన గురించి మాత్రం నాలుగు వాక్యాలు రాయకుండా ఉండలేకపోయాను. ఎడమ చెవి కొస తెగి, కట్టుతో, వల అల్లడం రాక వేళ్ళు కోసుకుంటూ కూర్చునేవాడే, ఆయన. చదివినవాళ్ళంతా అక్కడే కళ్ళు చెమర్చాయంటున్నారు. ఆయన పేరు నేను అడగలేదు. నీ మాట దాటలేదు.

శుభాకర్


గుట్టకిందపల్లె,
24 అక్టోబర్ 1995

చిరంజీవి శుభాకర్‌కు,

నీ వ్యాసం ఈ ఊళ్ళో చదవనివాళ్ళు లేరు. బడిలో చదివారు, రచ్చ మీద చదివారు, స్టేషన్లో కూడా చదివించుకున్నారు. నీ పేరు అందరి నోటా ఉంది.

ఓబులేసుకు బాగాలేదు. పెద్దింటికి తీసుకుపోయారు. లక్ష్మమ్మ తోడు పోతానంటే రానివ్వలేదు. ఎప్పుడు పంపిస్తారో తెలియదు. నువ్వు ఇప్పట్లో ఇటు రావద్దు. ఉత్తరంలో ఇంతకంటే రాయలేను. నువ్వే అర్థం చేసుకో.

సుశీలమ్మ


తిరుపతి,
31 అక్టోబర్ 1995

పెద్దమ్మా,

నీ కార్డు చూసి సంతోషం, దిగులు రెండూ. స్టేషన్లో కూడా చదివారంటే భలే నవ్వొచ్చింది. పోలీసులకు కూడా ఆచారాల మీద ఆసక్తి పుట్టించానన్నమాట. మా సార్‌కు చెబితే ఆయనా నవ్వారు.

ఓబులేసు పెద్దాసుపత్రిలో చేరాడంటే ఆ దగ్గే అయి ఉంటుంది. నేనున్నప్పుడే రాత్రిళ్ళు దగ్గేవాడు. బీడీ మానమని నువ్వే గట్టిగా చెప్పాలి. ఇంకొక సాయం చెయ్యి. ఆయన జబ్బు తగ్గాలని లక్ష్మమ్మ, వాళ్ళ మనుషులు ఏవైనా పూజలు చేస్తుంటే, ఏ రోజు, ఏమేం పెట్టారు, ఏ పాట పాడారు, కాస్త గుర్తుంచుకుని రాయి. నా ప్రాజెక్టులో రోగాల గురించిన అధ్యాయం చాలా పలచగా ఉంది.

శుభాకర్


గుట్టకిందపల్లె,
6 నవంబర్ 1995

శుభాకర్,

ఈ ఉత్తరం నూర్ అహ్మద్ చేతికిస్తున్నాను. జమ్మలమడుగు నుంచి తిరుపతి పోయే బస్సు కండక్టరు, మంచివాడు. ఇకమీదట నువ్వు రాసేవి కూడా అతని చేతికే ఇవ్వు. మా పోస్టాఫీసులో కూర్చునేది సర్పంచి బావమరిది. ఉత్తరాలు విప్పి చదువుతాడు. అందుకే పోయినసారి దాచి రాశాను. నీకు అర్థమవుతుందనుకున్నాను. నువ్వు పూజలు రాసి పంపమన్నావు.

పెద్దిల్లంటే ఆసుపత్రి కాదు. ఓబులేసు జైల్లో ఉన్నాడు.

గుడిసెలో ఉన్న ఆ చెవి తెగినాయన పేరు ఆదినారాయణ. ఓడిన వర్గం మనిషి. గౌరీ భర్తను చంపిన కేసులో ముద్దాయి. నీ పేపరు వచ్చిన ఉదయమే ఎవరో చెప్పగా ఏరు దాటి పారిపోయాడు. మధ్యాహ్నానికి రెండు జీపులొచ్చాయి. ఇన్‌స్పెక్టరు చేతిలో నీ వ్యాసం ఉంది. లక్ష్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“చెవి తెగినోడు యాడ?”

“పోయినాడు సార్.”

“యాడికి?”

“అడగల్యా సార్.”

“అడగలేదంట! నాలుగు నెలలు కూడు పెట్టి అడగలేదంట!” అని కొట్టారు. మళ్ళీ అడిగారు. ఓబులేసు మళ్ళీ అదే చెప్పాడు. వాడికి వేరే జవాబు ఏముంది? నిజంగానే అడగలేదు కదా. పక్కటెముకలు విరిగేదాకా అదే ప్రశ్న, అదే జవాబు. హంతకుడికి ఆశ్రయమిచ్చాడని కేసు పెట్టారు. సాక్ష్యం నీ వ్యాసం.

పేర్లు మార్చానన్నావు. ఐదు వారాలు నువ్వు ఎవరి గుడిసెలో పడుకున్నావో ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. ఆ చెవికి కట్టు కట్టింది నేను. కట్టి, ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని నోరు మూసుకున్నాను. నువ్వు జిల్లాకంతా చెప్పావు. నిన్ను వాళ్ళ దగ్గరికి తీసుకుపోయినదాన్ని నేనే కాబట్టి లక్ష్మమ్మ ముందు తలెత్తలేకపోతున్నాను.

నిన్న గౌరీ పిల్లవాడికి పోలియో చుక్కలు వేయించడానికి వచ్చింది. “మా ఆయన్ను సంపినోనికి ఆ యానాదోళ్ళు కూడు పెట్టినారా? నీకు తెలుసునా సిస్టరమ్మా?” అంది. నేను పిల్లవాడి నోట్లో చుక్కలు వేస్తూ ఉండిపోయాను.

సుశీలమ్మ


తిరుపతి,
2 డిసెంబర్ 1995

పెద్దమ్మా,

నీ ఉత్తరం నూర్ అహ్మద్ ఇచ్చి నెల కావస్తోంది. జవాబు రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. భయం. పోయిన ఆదివారం బస్సెక్కి కడప దాకా వచ్చాను. అక్కడ జమ్మలమడుగు బస్సు కళ్ళముందే నిలబడి ఉంటే, దాన్ని పోనిచ్చి, మళ్ళీ తిరుపతి బస్సు ఎక్కాను. లక్ష్మమ్మ ఎదురుగా నిలబడి ఏమనాలో తెలియలేదు.

హాస్టల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు, ఆ చెవి తెగినతని గురించి ఎంత బాగా రాశావురా అంటారు. అన్నం ముందు నుంచి లేచి వస్తున్నాను.

ఇప్పుడు నాకు తోచింది చేశాను. ఆ ఆచారం ఏమిటి, అది నేరం కాదు, వాళ్ళ మతం, తరాలుగా వస్తున్న ధర్మం అని వివరంగా ఒక వాంగ్మూలం రాశాను. మా సార్ దిద్దారు. దీంతో పంపుతున్నాను. వాళ్ళ తరఫు వకీలుకు ఇవ్వు. చదివితే జడ్జికి తప్పకుండా అర్థమవుతుంది.

ఓబులేసు ఎట్లా ఉన్నాడో రాయి. తిట్టాలనిపిస్తే తిడుతూనే రాయి.

శుభాకర్


జమ్మలమడుగు,
18 డిసెంబర్ 1995

శుభా,

చర్చి పనిమీద వచ్చి, ఇక్కడి పోస్టాఫీసులో వేస్తున్నాను. ఈ ఉత్తరం ఎవరూ విప్పరు.

ఓబులేసు బెయిలు మీద బయటికొచ్చాడు. పూచీకి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. నేనూ, మన చర్చి సంఘం పెద్ద ఒకాయనా నిలబడ్డాం. సర్పంచి మనిషి సెంటరుకొచ్చి, “సర్కారు ఉజ్జోగం జేస్తా హంతకులకు పూచీ పడతాండావే, బాగుండాదా?” అని అడిగి పోయాడు. ఓబులేసు కుడివైపు తిరిగి పడుకోలేడు. నవ్వబోయి నొప్పికి ఆగిపోతాడు.

నీ వాంగ్మూలం ప్రొద్దుటూరులో అశ్వత్థనారాయణ వకీలుకు ఇచ్చాను. పెద్దాయన, ఫీజు తీసుకోకుండా చేస్తున్నాడు. మొత్తం చదివి, మడిచి నా చేతికే ఇచ్చాడు.

“ఇది మన తరపు కాయితమా, పోలీసుల తరపుదా తల్లీ? ఇది ఇచ్చినామంటే ఓబులేసు ఒప్పుకున్నట్లే. ఆచారమనో దేవుడనో చెప్తే చట్టం ఇనదు. మీవాడు బాగా రాసినాడు. శానా బాగా రాసినాడు. అదే వచ్చిన చిక్కు.”

కేసును తొందరగా విచారణకు తెప్పిస్తున్నారట. నిన్ను పోలీసులే తమ సాక్షిగా పిలుస్తారు. రాసినవాడు బోనెక్కి ఇదంతా నేను కల్పించానంటే తప్ప కేసు నిలబడుతుందని వకీలు మాట. ఆయన చెప్పింది నీకు చేరవేశాను. అక్కడ నువ్వేం చెబుతావో నేను చెప్పను. సండే స్కూల్లో నీకు పదాజ్ఞలు నేర్పినదాన్ని.

సుశీలమ్మ


తిరుపతి,
10 జనవరి 1996

పెద్దమ్మా,

సమన్లు వచ్చాయి. మార్చిలో వాయిదా.

పదాజ్ఞలు గుర్తు చేశావు. తొమ్మిదోది నాకు గుర్తే ఉంది, అబద్ధసాక్ష్యం పలకవద్దు. అంటే నిజమే చెప్పమంటున్నావు. నిజం చెబితే ఓబులేసుకు శిక్ష పడుతుందని నీకు తెలుసు, వకీలు నీ ముఖానే చెప్పాడు. అయినా నీకు నీ ఆజ్ఞే ముఖ్యం. రెండోసారి ఆయన పక్కటెముకలు నా చేతే విరగ్గొట్టిస్తావా? నాకు తెలియక చేసిన తప్పుకు తిట్టావు, పడ్డాను. నువ్వు తెలిసి చేయమంటున్న దానికి ఏమనాలి?

అమ్మకు ఇవేవీ రాయలేదు.

శుభాకర్


గుట్టకిందపల్లె,
19 జనవరి 1996

నాయనా,

నువ్వు నన్ను తప్పుగా అనుకున్నావు. ఆ ఆజ్ఞ నీకు నేర్పినదాన్ని నేనే గనుక, దాన్ని మీరమని నా నోటితో అనలేకపోయాను. అంతే. అనకుండానే నీకు తెలుస్తుందనుకున్నాను.

వాయిదా రోజు నేను కోర్టుకు రాను. నన్ను చూస్తే నీ నోరు పెగలదు. ఇంట్లో ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తాను. ఏమని చేస్తానో అడగకు.

పెద్దమ్మ


ప్రొద్దుటూరు,
14 మార్చి 1996

పెద్దమ్మా,

అయిపోయింది. బస్టాండు పక్క లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను. ఇంత దగ్గర ఉండి నీ దగ్గరికి రాలేకపోయాను. రేపు ఉదయం తిరుపతి పోతాను.

ఓబులేసు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. లక్ష్మమ్మ, గుడిసెల వాళ్ళు అందరూ వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నన్ను చూసి ఓబులేసు తలూపాడు. కోపం కనపడలేదు. కనపడి ఉంటే బాగుండేది.

నా పేరు పిలిచారు. బోనెక్కాను. దైవసాక్షిగా నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. ప్రభుత్వ ప్లీడరు వ్యాసం చూపించి, “ఇది రాసింది నువ్వేనా?” అన్నాడు. అవునన్నాను. “ఇందులో ఉన్నదంతా కళ్ళారా చూసి రాశావా?”

“లేదు సార్. కల్పించి రాశాను.”

ఆయన నా వైపు తిరిగి చూశాడు. “ఈ చెవి తెగిన మనిషి?”

“కల్పితం.”

“అక్కడ ఐదు వారాలు ఉన్నావా లేదా?”

“ఉన్నాను. చేపలు పట్టడం గురించి రాసుకున్నాను. పేపరువాళ్ళకు అది చప్పగా ఉంటుందని ఇది కల్పించాను.”

ఆయనకు కోపమొచ్చింది. వ్యాసం గట్టిగా చదివాడు. నా వాక్యాలే, పెద్దమ్మా. కోర్టు హాల్లో నా వాక్యాలు ఒక్కొక్కటీ చదివి, “ఈ గుడిసె ఉందా? ఈ ఆచారం ఉందా? తన దగ్గరికొచ్చిన మనిషిని ఏమీ అడగని దేవుడున్నాడని రాశావే, ఆ దేవుడున్నాడా?” అన్నాడు.

నేను వెనక గోడ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను.

“అది మేకల పాక సార్. అట్లాంటి ఆచారం వాళ్ళలో లేదు. అట్లాంటి దేవుడు లేడు.”

లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓబులేసు తల వంచుకున్నాడు. మధ్యాహ్నానికి కేసు కొట్టేశారు. అశ్వత్థనారాయణ గారు నా భుజం తట్టి, “కాపాడినావు నాయనా” అన్నాడు. బయట చెట్టు కింద ఓబులేసు దగ్గరికి పోయాను. “ఇంటికి పోతామప్పా, బస్సు పోతాది” అన్నాడు. అంతే. ఆయన వెనక వాళ్ళందరూ నడిచిపోయారు.

నిజం రాసి ఆయన్ను జైలుకు పంపాను, అబద్ధం చెప్పి ఇంటికి పంపాను. రెండింటిలో ఏదానికి ఎక్కువ సిగ్గుపడుతున్నానో ఇప్పుడు చెప్పలేను.

శుభాకర్


గుట్టకిందపల్లె,
25 ఆగస్టు 1996

నాయనా శుభా,

నువ్వు ఎమ్మే పాసయ్యావని మీ అమ్మ రాసింది. ఆ ప్రాజెక్టు ఇవ్వకుండా, లైబ్రరీలో కూర్చుని పాత పుస్తకాల నుంచి వేరొకటి రాసిచ్చావట. ఆమెకు కారణం తెలియదు. నేనూ చెప్పలేదు.

ఇక్కడ రాజీ అయింది. ఆదినారాయణ వర్గం నాయకుడు పార్టీ మారి అధికార పార్టీలోకి వచ్చేశాడు. ఇన్నాళ్ళూ నరుక్కున్నవాళ్ళు జమ్మలమడుగులో ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశారు. ఆదినారాయణ తెల్ల చొక్కా వేసుకుని బజారులో తిరుగుతున్నాడు. గుడిసెల వైపు ఒక్కసారి కూడా పోలేదు.

రాజీకి అడ్డం నిలబడింది గౌరీ ఒక్కతే. భర్తను ఎవరు చంపారో చూశానని పోలీసులకు సాక్ష్యం చెప్పింది, దాన్ని వెనక్కి తీసుకొమ్మన్నారు. తీసుకోనంది. ఎవరి కోసం ఆమె భర్త చచ్చాడో ఆ వర్గంవాళ్ళే, మొన్న మంగళవారం పట్టపగలు ఇంటి మీదికొచ్చారు. గౌరీ పిల్లవాణ్ణి చంకనేసుకుని, వెనక దొడ్లోంచి దూకి, ఎక్కడికి పరుగెత్తిందో తెలుసా? ఏటిగడ్డకు. నీ వ్యాసం ఆమె కూడా విని ఉంది కదా.

అక్కడ గుడిసె లేదు. ఓబులేసు కోర్టు నుంచి వచ్చిన వారానికే కప్పు విప్పేశాడు. గుంజలు మాత్రం ఉన్నాయి. నాకు తెలిసినా నీకు రాయలేదు. రాసి ఏం లాభమనుకున్నాను.

“దేవుని గుడిసె యాడ పెద్దయ్యా?” అని గౌరీ అరిచిందట.

“ఇప్పుడు లేదు తల్లీ. దేవుడు లేడు. ఈడ నిన్ను నిలబెట్టుకునేదానికి నాకు సత్తువ లేదు. సిస్టరమ్మ కాడికి పో” అని ఓబులేసు చెప్పి, తానే ఏటి వెంబడి దారి చూపి పంపించాడు. ముళ్ళలో పడి కాళ్ళు చీరుకుపోయి వచ్చింది. నా గదిలో పెట్టుకుని, మర్నాడు టీకాల జీపులో చెన్నూరులో వాళ్ళ అన్న దగ్గరికి చేర్చాను. ఆ పని ఎవరో చూశారు. నన్ను లింగాలకు బదిలీ చేశారు. ఎల్లుండి పోతున్నాను. వంకాయ మొక్కలు లక్ష్మమ్మకు ఇచ్చాను.

ఓబులేసును అడిగాను, కప్పు ఎందుకు విప్పావు, మావాడు నిన్ను కాపాడటానికి అబద్ధం చెప్పాడని నీకు తెలియదా అని. “తెలుసు సిస్టరమ్మా. ప్రమాణం జేసి లేడన్న్యాడు గదా” అన్నాడు. నాకు అర్థం కాలేదు. నువ్వు చదువుకున్నావు, నీకేమైనా అర్థమవుతుందేమో.

పెద్దమ్మ


ప్రొద్దుటూరు,
20 సెప్టెంబర్ 1996

పెద్దమ్మా,

లింగాలలో ఇల్లు దొరికిందనుకుంటాను. నిన్న ఏటిగడ్డకు పోయి వచ్చాను. పోవాల్సిన రోజుకు దాదాపు ఏడాది ఆలస్యంగా.

ఓబులేసు గంప అల్లుతున్నాడు. పక్కన చోటు చూపించాడు. కూర్చున్నాను. గుంజలకు మేకలు కట్టేసి ఉన్నాయి. నేను కోర్టులో చెప్పినట్టే అది ఇప్పుడు మేకల పాక.

“పెద్దయ్యా, నేను చెప్పింది అబద్ధమని నీకు తెలుసు కదా?”

“తెలుసప్పా. నాకోసమే ఆడినావు. నేనేం నిన్ను తప్పు పట్టల్యా.”

“మరి గుడిసె ఎందుకు విప్పావు?”

గంపలో ఇంకొక ఈనె దూర్చి చెప్పాడు.

“మామూలుగా లేదన్న్యావా, అది మాట. గాలికి పోతాది. ప్రమాణం జేసి అంటే అట్ల గాదు. అది పోయి తగుల్తాది. నువ్వు నీ దేవుని మీద ప్రమాణం జేసి మా దేవుడు లేడంటివి. మేమందురమూ ఇన్న్యాము, ఒక్కరమూ ఉన్నాడనల్యా. అనింటే నేను జైలుకు పోతాననే గదా మూసుకోని ఉన్న్యాము? అంటే మేం గూడా లేడన్నట్లే. ఇంటికొచ్చి మూడు దినాలు డప్పు కొట్టి పిల్చినాను. పలకల్యా.”

పెద్దమ్మా, ఐదు వారాలు వాళ్ళ పక్కన పడుకుని, చేపలు, జబ్బులు, పెళ్ళిళ్ళు అన్నీ అడిగాను. ప్రమాణమంటే వాళ్ళకు ఏమిటో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉన్నా ఆ రోజు వేరే దారి లేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకున్న కొద్దీ గౌరీ ఆ గుంజల ముందు పిల్లవాడితో నిలబడినట్టు కనిపిస్తోంది.

“తిరిగి పిలుచుకోవాలంటే ఏం చెయ్యాల?” అన్నాను.

“యాడ లేడన్న్యావో ఆడ్నే నిలబడుకోని ఉన్నాడనాల. మళ్ళీ ప్రమాణం జేసి. అప్పుడిన్నోళ్ళందురూ ఇనాల.” అని నా ముఖం చూసి, “వద్దులేప్పా. నువ్వట్ల అంటే మళ్ళీ జీపొస్తాది. నాకు ఇంగ దెబ్బలు తినే వయసు గాదు” అని నవ్వాడు. ఈసారి పక్కటెముక పట్టుకోకుండానే నవ్వాడు. లక్ష్మమ్మ రాగి సంగటి, నీ మొక్కల వంకాయల కూర పెట్టింది. తిన్నాను. ఆమె నా ముఖం చూడకుండానే గిన్నె తీసుకుపోయింది.

ఈ ఉదయం అశ్వత్థనారాయణ గారి దగ్గరికి పోయి అడిగాను. ముగిసిన కేసులో సాక్షిని మళ్ళీ పిలవరని చెప్పాడు. “పిలిచినా, నువ్వు ఉన్నాడంటే ఓబులేసు మీద కేసు తిరగదోడతారు. ఏంది నాయనా నీ ఆలోచన?” అన్నాడు. ఏమీ లేదన్నాను.

అక్కడినుంచి కోర్టు హాలుకు పోయాను. భోజనాల వేళ, లోపల ఎవరూ లేరు. బోను దగ్గర నిలబడ్డాను. నడుము దాకా వచ్చే కొయ్య బోను, పక్కన రెండు మెట్లు. లోపలికి పోయి చెప్పేయాలనిపించింది. ఎవరు వింటారు? మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ తీసేశాను. పేరు పిలిస్తేనే అందులోకి ఎక్కాలి. నా పేరు అక్కడ ఇంకెవరూ పిలవరు.

శుభాకర్